ఆక్సిజన్ సెన్సార్ ఆయుష్షు

బండి మైలేజీ పడిపోయిందంటే చాలు, ట్యాంకులో ఒక క్లీనర్ డబ్బా పొయ్యమంటారు. కార్బురేటర్ల కాలంలో పెద్దమండ్యంలోనైనా మదనపల్లెలోనైనా మెకానిక్ జెట్టు విప్పి, పెట్రోల్లో కడిగి, గాలి ఊది బిగించేవాడు. పెట్రోల్లో ఏం కలిసిందో పట్టించుకునే భాగం అప్పటి బండిలో లేదు.

కలిపింది మాత్రం విషమే. 1921లో జనరల్ మోటార్స్‌లో పనిచేస్తున్న థామస్ మిడ్జ్‌లీ, ఇంజిన్ నాకింగ్ ఆపడానికి టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం సమ్మేళనం పనికొస్తుందని కనిపెట్టాడు. ఆ సీసం దశాబ్దాల పాటు ప్రపంచమంతా పొగగొట్టాల్లోంచి వెళ్ళింది.

1976లో బాష్ తయారుచేసిన ఆక్సిజన్ సెన్సార్ వోల్వో కార్లలోకి వచ్చాక లెక్క మారింది. జిర్కోనియా పింగాణీకి రెండు వైపులా ప్లాటినం పూత. ఒకవైపు పొగ, మరోవైపు బయటి గాలి. దాదాపు 300 డిగ్రీలు దాటి వేడెక్కితే, ఆక్సిజన్ తేడాను బట్టి వోల్టేజి పుడుతుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టుల దాకా, గాలి ఎక్కువైతే 0.1 దగ్గర. అది చూసి కంప్యూటర్ కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి ఉండేలా సరిచేస్తుంది. ఆ పూతను సీసం పాడుచేస్తుంది. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కూ అదే గతి. మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరాల్లో మొదలై, 2000 ఫిబ్రవరికి అంతటా వచ్చింది.

ఆ తర్వాత కూడా పల్లెలది వెనక వరసే. హైదరాబాదులో 2005లోనే పొగకు సంబంధించిన యూరో-3 (బీఎస్-3) ప్రమాణాలు అమలైతే, దేశమంతటికీ ఆ స్థాయి 2010లో గానీ రాలేదు. బీఎస్-4లోనూ అదే కథ: 2010లో హైదరాబాదుకు, 2017కు దేశమంతటికీ. 2020 ఏప్రిల్ 1న వచ్చిన బీఎస్-6 మాత్రం కొత్త బండ్లకు నగరమనీ పల్లె అనీ చూడలేదు. మోటారు సైకిళ్ళకూ కార్బురేటర్ బదులు ఇంజెక్షన్, దాంతో సెన్సార్ వచ్చాయి.

సీసం పోయినా శత్రువులు మిగిలారు. 2007లో ఆగ్నేయ ఇంగ్లండులో సిలికాన్ కలిసిన పెట్రోలు పోయించుకున్న వేలాది కార్లు సెన్సార్లు చెడి మొరాయించాయి. సిలికాన్ మండితే గాజు పొరలా సెన్సార్‌ను కప్పేస్తుంది. ఆ పొర కాలిపోదు. మాంగనీసు, ఫెర్రోసీన్ కలిపిన మందులు ఎర్రటి పొర వేస్తాయి. ఇంజెక్టర్ల కోసం వాడే పాలీఈథర్ అమీన్ రకం క్లీనర్లలో లోహం ఉండదు. చెప్పిన మోతాదులో అవి సెన్సార్‌కు హాని చెయ్యవు. కాబట్టి క్లీనర్లన్నిటినీ ఒకే గాటన కట్టెయ్యడం తప్పు.

మెకానిక్ సోదరులకు ఒక మనవి. సెన్సార్ విప్పితే ముందు రంగు చూడండి. నల్లటి పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ మండుతోంది, ఆ కారణం వెతకండి. తెల్లటి పూత ఉంటే సిలికాన్‌ను అనుమానించండి. ప్యాకింగుకు పూసే పేస్టు మీద సెన్సార్‌కు హాని చెయ్యదని రాసి ఉందో లేదో చూడండి. జెట్టును కడిగినట్టు సెన్సార్‌ను మాత్రం కడగకండి.