గ్రహణం పట్టేదెవరు?

తెలుగులో గ్రహణం 'పడుతుంది', తర్వాత 'విడుస్తుంది'. కన్నడంలో 'హిడియుత్తదె' అంటారు, మరాఠీలో 'లాగతే' అంటారు. ఇరుగుపొరుగు భాషల నడుమ పెరిగిన మనకు ఈ మాటలన్నీ అలవాటే. కానీ ఆకాశంలో మన కంటికి కనిపించేది సూర్యబింబం ఒక పక్క నుంచి నల్లబడటం మాత్రమే. పట్టేవాడు కనిపించడు. వాణ్ణి అక్కడ నిలబెట్టింది మనమే. నమ్మకమంటే మనిషి తాను చూసినదానికి చెప్పుకున్న అర్థమేనని నా అభిప్రాయం. అయితే ఆ అర్థాలన్నీ ఒక్కటేనా అన్నది అసలు ప్రశ్న.

సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడనీ, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుందనీ క్రీ.శ. 499 నాటికే ఆర్యభటుడు చెప్పాడు. 628లో బ్రహ్మగుప్తుడు గ్రహణాలను లెక్కకట్టే పద్ధతులు చెబుతూనే, రాహువును కాదనడం శ్రుతిస్మృతులకు విరుద్ధమని వాదించాడు. ఆ రాజీ మన పంచాంగాల్లో నేటికీ ఉంది. లెక్క నీడది, పేరు 'రాహుగ్రస్తం'.

పండితులను తప్పుపట్టే ముందు శాస్త్రజ్ఞుల సంగతీ చూద్దాం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దాన్ని చూడటానికి జాన్సెన్, టెన్నెంట్ గుంటూరులోనూ, పాగ్సన్ మచిలీపట్నంలోనూ, హెర్షెల్ నేటి కర్ణాటకలోని జమ్‌ఖండిలోనూ, మద్రాసు నక్షత్రశాల ఉద్యోగి చింతామణి రఘునాథాచారి వనపర్తిలోనూ దిగారు. సూర్యుడి అంచున ఎగిసిన జ్వాలల కాంతిని విడదీస్తే ఒక పసుపుపచ్చ గీత కనిపించింది. టెన్నెంట్, హెర్షెల్ దాన్ని సోడియం గీత అన్నారు. ఆ చోట ఉంటుందని వారికి తెలిసిన గీత అదే మరి! అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్ జ్వాలల కాంతిని పరిశీలించి, ఆ గీత సోడియం గీతలకు కాస్త పక్కగా ఉందని గుర్తించాడు. అది కొత్త మూలకం తాలూకు గీత. దానికే హీలియం అని పేరు వచ్చింది. 1895లో రామ్సే ఆ మూలకాన్ని భూమి మీది ఖనిజంలోనే కనుగొన్నాడు.

అంటే శాస్త్రజ్ఞుడూ తనకు తెలిసినదాన్ని బట్టే చూస్తాడు. తేడా ఎక్కడుందంటే, గీత పక్కకు జరిగినట్టు తేలితే పేరు మార్చక తప్పదు. రాహువు విషయంలో అలా తేలడానికి మనం చోటే ఉంచలేదు. రఘునాథాచారి దృగ్గణిత పంచాంగం కావాలని పట్టుబట్టింది ఇందుకే. 'దృక్' అంటే చూపు. లెక్క చూపుతో సరిపోకపోతే దిద్దుకోవలసింది లెక్కనే.

రాహువు కథగా ఉంటే నాకేమీ అభ్యంతరం లేదు. మాటలో ఉన్నా ముద్దే. కానీ ఆ కథ పేరు చెప్పి నిండు గర్భిణిని గంటల తరబడి కదలనివ్వకుండా, గుక్కెడు నీళ్లయినా ఇవ్వకుండా చీకటి గదిలో ఉంచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆమెకు వేసే దాహం ఎవరూ కల్పించిన అర్థం కాదు. నమ్మకం మనం కట్టుకున్న ఇల్లే కావచ్చు. దానికి కిటికీ పెట్టవలసిందీ మనమే.