గండి

జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుంటూ పోయింది. అంచున నిలబడి తొంగిచూస్తే ఎర్రరాయి పలకలు పలకలుగా, ఎవరో పేర్చినట్టు కనిపిస్తుంది. ఆ కోతే గండి; దాని ఒడ్డున కట్టింది గండికోట. కడప సీమలోనే పాపఘ్ని నది కొండను చీల్చుకుని బయటపడే చోటు పేరు ఒట్టి గండి. అక్కడ వెలసినవాడు గండి ఆంజనేయుడు. పాపికొండల దారిలో గోదారి ఒడ్డున గండి పోచమ్మ. నీరు కొండను గెలిచిన చోట దేవుణ్ణో దేవతనో నిలుపుకోవడం నాకెంతో నచ్చుతుంది.

కథ రాసేవాళ్లను ఈ మాట ఊరికే ఉండనివ్వదు. యుగాల తరబడి సాగిన కోతా గండే, ఒక్క రాత్రిలో ముంచే ముప్పూ గండే. చెరువుకట్ట దిగువన ఊట తేటగా వస్తున్నంతసేపు రైతు కాస్త నిబ్బరంగా ఉంటాడు. అది బురదరంగుకు తిరిగిందా, కట్ట లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే. ఇక ఇసుక బస్తాలు, కేకలు, పరుగులు. ‘గండి పడింది’ అని ఒకరు అరిస్తే ఊరంతా లేస్తుంది. రాబడికి గండి, ఓట్లకు గండి అని పత్రికలు రాసేదీ ఆ కట్ట మీది భయంలోంచే.