ఓపెన్ వరల్డ్ గేమ్‌లలో లెవెల్ స్కేలింగ్: స్వేచ్ఛకు వెల ఎంత?

ఆడేవారు ఏ దిక్కుకైనా వెళ్లవచ్చని హామీ ఇచ్చే ఓపెన్ వరల్డ్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లలో రూపకర్తలకు ఒక చిక్కు తప్పదు. ఆట సాగేకొద్దీ కథానాయకుడి బలం పెరుగుతూ ఉంటుంది. అతడు ఏ గుహలోకి ఎప్పుడు అడుగుపెడతాడో మాత్రం ముందుగా తెలియదు. అలాంటప్పుడు ఆ గుహలోని శత్రువుకు ఎంత బలం ఇవ్వాలి? ఆడేవారి స్థాయిని బట్టి శత్రువు స్థాయిని మార్చే పద్ధతినే లెవెల్ స్కేలింగ్ అంటారు.

ఈ పద్ధతి మేలు, కీడు రెండూ స్పష్టంగా కనిపించేది అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ రూపొందించిన 'ది ఎల్డర్ స్క్రోల్స్' శ్రేణిలో. 2002లో వచ్చిన 'మారోవిండ్'లో స్కేలింగ్ పరిమితం. ప్రమాదకరమైన చోటికి తొందరపడి వెళ్లినవారికి చావు తప్పదు. అయితే సాహసించి గెలిచినవారికి అరుదైన ఆయుధం దక్కవచ్చు. 2006 నాటి 'ఒబ్లివియన్' ఈ లెక్కను దాదాపు పూర్తిగా మార్చివేసింది. అందులో ఎటు వెళ్లినా ఆడేవారికి తగిన ప్రత్యర్థులే ఎదురవుతారు. దారి మూసుకుపోవడం అనే సమస్య తీరింది కానీ ప్రపంచంపై నమ్మకం సడలింది. ఆట చివరి దశలో వేల నాణేల విలువైన కవచం ధరించిన దారిదోపిడీ దొంగ వంద నాణేల కోసం బెదిరించడం గేమర్ల మధ్య నేటికీ నవ్వులాటే.

అంతకంటే తీవ్రమైన లోపం మరొకటి ఉంది. లెవెల్ పెరిగినప్పుడు శరీర సామర్థ్యాలను తెలివిగా పెంచుకోనివారు శత్రువులతో పోలిస్తే బలహీనపడేవారు. ఫలితంగా లెవెల్ పెంచుకోకుండా ఉండటమే మేలన్న వింత వ్యూహం పుట్టింది. ఎదుగుదలే ప్రాణమైన ఆటలో ఎదుగుదలే శిక్షగా మారింది! ఆ స్కేలింగ్‌ను తొలగించేందుకు అభిమానులే 'ఆస్కురోస్ ఒబ్లివియన్ ఓవర్‌హాల్' వంటి మాడ్‌లను తయారుచేసుకున్నారు.

2011 నాటి 'స్కైరిమ్' మధ్యేమార్గం ఎంచుకుంది. ప్రాంతాలకు కనిష్ఠ, గరిష్ఠ స్థాయులు నిర్ణయించి, ఆడేవారు తొలిసారి ప్రవేశించినప్పటి స్థాయిని ఆ చోటికి ఖాయం చేసింది. ఓడి పారిపోయినవారు బలం పుంజుకుని తిరిగివస్తే తేడా తెలుస్తుంది. మైదానాల్లో తిరిగే రాక్షసకాయులు మాత్రం కొత్తవారిని ఒక్క దెబ్బతో ఆకాశంలోకి ఎగరేస్తారు.

స్కేలింగ్ లేకుంటే భయమే కంచెగా పనిచేస్తుంది. 2010 నాటి 'ఫాల్అవుట్: న్యూ వెగాస్'లో తొలి ఊరికి ఉత్తరాన భీకర జీవులు ఉండటం వల్ల అత్యధికులు దక్షిణపు చుట్టుదారి పట్టి కథలోకి ప్రవేశిస్తారు. జపాన్ సంస్థ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2022లో విడుదల చేసిన 'ఎల్డెన్ రింగ్'లో ఆరంభంలోనే ఎదురయ్యే బంగారు కవచపు అశ్వికుడు మొదటి పాఠం నేర్పుతాడు: ఇప్పుడు తప్పుకుని, తరువాత రావచ్చు. దీనికీ మూల్యం ఉంది. బాగా బలపడ్డాక చేరిన తేలికపాటి ప్రాంతంలో పోరాటం చప్పబడుతుంది. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ 'ది విచర్ 3'లో అందుకే స్కేలింగ్‌ను ఆడేవారి ఇష్టానికే వదిలింది.

2025 ఏప్రిల్‌లో 'ఒబ్లివియన్' కొత్త రూపంలో విడుదలైంది. లెవెల్ పెరిగినప్పుడు సామర్థ్యాలను పెంచుకునే విధానాన్ని అందులో సరళీకరించారు. కథానాయకుడితో పాటు శత్రువులూ బలపడే పద్ధతిని మాత్రం అలాగే ఉంచారు.