లాక్మే: పారిస్ పేరు, స్వదేశీ పరిశ్రమ

స్వాతంత్ర్యానంతరం తొలి సంవత్సరాలలో దేశం ఆనకట్టల గురించి, ఉక్కు కర్మాగారాల గురించి ఆలోచిస్తున్న తరుణంలోనే సౌందర్య సాధనాల ప్రశ్న కూడా పాలకుల ముందుకు వచ్చింది. సంపన్న కుటుంబాల స్త్రీలు విదేశాల నుంచి తెప్పించుకొనే పౌడర్లకు, లిప్‌స్టిక్‌లకు విలువైన విదేశీ మారక ద్రవ్యం ఖర్చవుతున్నదని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ భావించారనీ, వాటిని ఇక్కడే తయారు చేయవలసిందిగా జె.ఆర్.డి. టాటాను కోరారనీ ప్రతీతి. 1952లో లాక్మే సంస్థ ఆవిర్భవించింది.

ఇది 1917లో నెలకొన్న టాటా ఆయిల్ మిల్స్‌కు అనుబంధ సంస్థ. మాతృసంస్థకు నూనెలు, సబ్బుల తయారీలో దీర్ఘానుభవం ఉన్నది. పరిమళ ద్రవ్యాల విద్యలో మాత్రం ఫ్రెంచి సంస్థలైన రాబర్ పిగే, రెన్వార్‌ల సహకారం స్వీకరించవలసి వచ్చింది.

పేరు కూడా ఫ్రాన్సు నుంచే వచ్చింది. లియో దెలీబ్ స్వరపరచిన 'లాక్మే' సంగీత నాటకం 1883లో పారిస్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. అందులోని నాయిక ఒక బ్రాహ్మణ పూజారి కుమార్తె. ఆంగ్లేయ సైనికాధికారిని ప్రేమించి, చివరకు ఉమ్మెత్త విషంతో ప్రాణం విడుస్తుంది. లక్ష్మి అనే మన మాటకు ఫ్రెంచి ఉచ్చారణే లాక్మే. ఐరోపా కల్పనలో రూపు మారిన దేవత పేరు, ఆ మారిన రూపంతోనే స్వదేశానికి తిరిగివచ్చి, స్వదేశీ వస్తువుకు విదేశీ సొగసును సమకూర్చింది.

సంస్థ ఎదుగుదలలో సిమోన్ టాటా పాత్ర ప్రధానమైనది. జెనీవాలో జన్మించిన ఆమె 1953లో పర్యాటకురాలిగా భారతదేశానికి వచ్చారు. 1955లో నావల్ టాటాను వివాహమాడి, 1961లో లాక్మే నిర్వహణలో చేరి, 1982లో అధ్యక్షురాలయ్యారు. పసుపు, కాటుక, గంధం, పారాణి మన ఇళ్లలో మంగళకరమైనవి. పెదవులకు రంగు పూసుకోవడం మాత్రం నాటక, చలనచిత్ర రంగాలకు చెందిన విషయమని మధ్యతరగతి కుటుంబాలు చాలాకాలం భావించాయి. ఆ సంకోచాన్ని తొలగించి, భారతీయ మేనిఛాయకు, ఇక్కడి వాతావరణానికి అనువైన వస్తువులను అందించడమే సంస్థ ఎదుర్కొన్న అసలు పరీక్ష.

ప్రభుత్వ దృష్టి సైతం ద్వంద్వంగానే ఉండేది. దిగుమతులను తగ్గించే పరిశ్రమగా దీనిని ఆదరిస్తూనే, విలాస వస్తువులన్న కారణంతో భారీ ఎక్సైజు సుంకం విధించింది. 1962లో ఔషధాల చట్టాన్ని సవరించి, సౌందర్య సాధనాలను దాని పరిధిలోకి తెచ్చింది. విలాసమని పన్ను వేసిన వస్తువే ప్రజారోగ్య దృష్ట్యా నియంత్రించవలసినంత విస్తృతంగా వాడుకలోకి వచ్చిందన్నమాట.

1991 తరువాత ఆర్థిక సంస్కరణలతో పరిస్థితి మారింది. 1996లో లాక్మే, హిందుస్థాన్ లీవర్‌లు సమాన వాటాలతో ఉమ్మడి సంస్థను ఏర్పరచాయి. 1998లో టాటాలు తమ వాటాను విక్రయించి, ఆ ధనంతో చిల్లర వర్తకంలో ప్రవేశించారు. పాత లాక్మే లిమిటెడ్ ట్రెంట్‌గా పేరు మార్చుకొని వెస్ట్‌సైడ్ దుకాణాలను నెలకొల్పింది.

దిగుమతులను అరికట్టడానికి పుట్టిన పేరు చివరకు ఒక బహుళజాతి సంస్థ అధీనంలోకి చేరింది. దీనిని కేవలం స్వదేశీ సంకల్పపు పరాజయంగా భావించడం సమంజసం కాదు. ఆ నాలుగున్నర దశాబ్దాలలో ఏర్పడిన ఉత్పత్తి నైపుణ్యం, విపణి అనుభవం ఉన్నందువల్లనే ఆ పేరుకు విలువ కట్టగలిగారు. అయితే ఒక పరిశ్రమను నిర్మించడం, దాని యాజమాన్యాన్ని నిలుపుకోవడం రెండూ వేర్వేరు కార్యాలన్న సత్యాన్ని కూడా లాక్మే చరిత్ర స్పష్టం చేస్తున్నది.