శివరాంపల్లి సభయు, సేవాసంఘముల పాలకవర్గమును

ఈసీనదిపై 1927లో పూర్తియైన హిమాయత్ సాగర జలాశయమునకు చేరువను శివరాంపల్లి యను పల్లె యుండెడిది. నేడది నగరమున కలిసిపోయినది. 1951 ఏప్రిలులో సర్వోదయ సమ్మేళనము అచ్చట జరిగెను. వినోబా భావే వార్ధా సమీపమునందలి పౌనారునుండి కాలినడకను వచ్చి, సభ ముగిసిన పిమ్మట తెలంగాణ పల్లెలకు బయలుదేరెను. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు 80 ఎకరములు కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చెను. ఈ కథ మన యింటి పిల్లలును చెప్పగలరు. కాని దాత చేయి విడిచిన భూమి పేదవాని చేయి చేరువరకు ఎవరి యధీనమున నుండవలెనను ప్రశ్నను మనము తఱచుగా వేసికొనము. గ్రామసేవా సంఘమునకు పాలకవర్గమేల యనుటకు సమాధానము ఈ ప్రశ్నయందే యున్నది.

గాంధీమహాత్ముడు గతించిన కొలది వారములకే, 1948 మార్చిలో, నిర్మాణ కార్యకర్తలు సేవాగ్రామమున సమావేశమై సర్వోదయ సమాజమునకు పునాది వేసిరి. దానికి కట్టుదిట్టమైన నిబంధనలుగాని, ఆజ్ఞాపించు అధికారముగాని లేవు. ఆ యాదర్శమును నమ్మిన వారందఱును అందు సోదరులే. అయితే ఖద్దరు, గ్రామపరిశ్రమలు, గోసేవ మొదలగు పనులను నడపు సంస్థలకు ధనమును, ఉద్యోగులును ఉండిరి. అట్టి సంస్థలను జతపఱచుటకై ఆ సంవత్సరముననే సర్వసేవాసంఘము ఏర్పడెను. ఆదర్శమునకు సోదరభావము చాలును. సొత్తునకు లెక్క చెప్పువాడు కావలెను. భూదానమునందును ఇట్లే జరిగెను. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ భూదాన గ్రామదాన చట్టము దానభూములను ఒక బోర్డునకు అప్పగించెను.

ఇట్టి యేర్పాటు మన దేశమునకు అప్పటికే పాతది. 1860 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము ఏడుగురు కూడినచో సంఘము కావచ్చుననెను; పాలకుల పేరులు, వృత్తులు, నివాసములు మొదటి పత్రముననే వ్రాయుడనెను; ఏటేట వారి జాబితాను దాఖలు చేయుడనెను. నిజాము రాజ్యమున 1350 ఫసలీ నాటి చట్టము వేఱుగ నడచెను. 2001లో వచ్చిన రాష్ట్ర చట్టము ఆ రెంటి స్థానమును ఆక్రమించెను. 1956 నాటి కంపెనీల చట్టమున 25వ సెక్షను, 2013 నాటి చట్టమున 8వ సెక్షను లాభము పంచుకొనని సంస్థలకు కంపెనీ రూపము నిచ్చినవి. అందు పాలకులకు డైరెక్టర్లని పేరు.

సంఘమున సాధారణముగ నుండు క్రమమిది. సర్వసభ్య సమావేశము పాలకవర్గమును ఎన్నుకొనును. అధ్యక్షుడు సభను నడపును, కార్యదర్శి తీర్మానములను మినిట్సు పుస్తకమున కెక్కించి అమలు జరిపించును, కోశాధికారి లెక్కలుంచును, బయటివాడైన ఆడిటరు వానిని పరీక్షించును. జీతముపై పనిచేయువారు పాలకవర్గమునకును, పాలకవర్గము సభ్యులకును జవాబుదారులు. ఈ మెట్లలో ఒకటి విఱిగినను సేవ సొంత ఆస్తిగ మాఱును. స్థాపకుడు, ఆయన భార్య, బావమఱది, అల్లుడు, మఱి ముగ్గురు మొగమాటపు మిత్రులు కలిసి ఏడుగురైనచో కాగితముపై లెక్క సరిపోవచ్చును, ధర్మమునకు సరిపోదు.

ఓరుగల్లు ప్రాంతమునందలి ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి ప్రభృతులు సహకార సంఘమును స్థాపించిరి. అందు రైతులే సభ్యులు, వారెన్నుకొన్నవారే డైరెక్టర్లు. తరువాతికాలమున అచ్చటనే పుట్టిన మహిళా పాడిసంఘమున పాడి పోషించు స్త్రీలే యజమానులు, వారే పాలకులు. సహకార సంఘమును సేవాసంఘమును ఒకటి కావు. అయినను ఎవరి మేలుకొఱకు సంస్థ పుట్టెనో, వారు అర్జీ పట్టుకొని వాకిట నిలుచుటయే గాక, లోపల కూర్చుండి తీర్మానమున చేయి యెత్తవలెనను నీతి రెంటికిని చెల్లును.

మనలో అనేకులు గ్రామసేవకై చందాలిచ్చుచుందురు. పాలకవర్గమున ఎవరెవరున్నారు, అందు స్త్రీలెందఱు, భూమిలేని కూలీలెందఱు, నిరుటి లెక్కలను ఎవరు పరీక్షించిరి అని అడుగుటకు సంకోచింపవలదు. అది అవిశ్వాసము గాదు. పోచంపల్లి దాతకు మనస్సు కదలుటకు ఒక్కనాడు చాలెను. ఆ దానమును కాపాడు పని మాత్రము ఏటేట చేయవలసినది.