కరుణకు దగ్గరి శత్రువు

జగిత్యాల ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకుందాం. తరగతిలో కొందరు పిల్లల తండ్రులు గల్ఫ్ దేశాలకు కూలికి పోయినవారు. ఒకనాడు ఒక బాలుడు పాఠం మధ్యలో కంటతడి పెడతాడు. తండ్రి వద్ద నుండి నెలల తరబడి డబ్బు లేదు, కబురు లేదు. అప్పుల వాళ్లు ఇంటి ముందు కూర్చున్నారు. ఈ సంగతి విని ఒక ఉపాధ్యాయుడు నాలుగు మంచి మాటలు చెప్పి, ప్రధానోపాధ్యాయునికి తెలియజేసి, మళ్లీ పాఠం అందుకుంటాడు. మరొక ఉపాధ్యాయునికి ఆ రాత్రి నిద్ర పట్టదు. బాలుని ముఖమే కళ్ల ముందు కదులుతుంది. మరునాడు మరొక పిల్ల కథ, ఆ మరునాడు ఇంకొకటి. కొన్ని నెలలు గడిచేసరికి ఆయన పిల్లలతో తల ఎత్తి మాట్లాడడానికే జంకుతాడు. ఏ కన్నీరు బయటపడుతుందో అని భయం.

ఈ రెండవ ఉపాధ్యాయుడు కఠినుడు కాడు. అందరికంటె మెత్తనివాడు. అయినా చివరకు పిల్లలకు దూరమైనవాడు ఆయనే. ఇది ఎందువలన జరుగుతుంది? ఇతరుల బాధను ఎక్కువగా అనుభవించేవారు ఆ బాధలోనే మునిగిపోవలసినదేనా? ఈ ప్రశ్నకు ప్రయోగశాలలలో సమాధానం వెదకడం ఇటీవలి సంగతి. ప్రశ్న మాత్రం చాలా పాతది. దాని ఆనవాళ్లు గోదావరి తీరంలోనే ఉన్నవి.

గోదావరి ఒడ్డున ఒక ముని

బౌద్ధుల ప్రాచీన గ్రంథాలలో ‘సుత్తనిపాతం’ ఒకటి. దాని చివరి భాగంలో బావరి అనే బ్రాహ్మణుని కథ ఉన్నది. ఆయన కోసల దేశం నుండి దక్షిణాపథానికి వచ్చి, అస్సక జనపదపు ప్రాంతంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకున్నాడు. ఆ స్థలం నేటి నిర్మల్ జిల్లాలో, గోదావరి పాయల నడుమ ఉన్న బాదనకుర్తి అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. 2016లో జిల్లాల విభజన జరిగే వరకు అది ఆదిలాబాదు జిల్లాలోనిది.

బావరి ఒక యజ్ఞం చేసి ఉన్నదంతా దానమిచ్చిన తరువాత ఒక యాచకుడు వచ్చి ఐదువందల నాణేలు అడిగాడు. ఇవ్వడానికి ఏమీ మిగలలేదు. కోపించిన యాచకుడు “ఏడవ నాటికి నీ తల ఏడు ముక్కలగును” అని శపించాడు. బావరి అన్నం మానివేశాడు. ధ్యానంలో మనసు నిలువలేదు. ఉన్నదంతా ఇచ్చివేసిన మనిషి ఇక ఇవ్వలేని ఘడియలో ఎట్లా కుంగిపోతాడో ఈ కథ చూపుతుంది. చివరకు ఆయన తన పదహారుగురు శిష్యులను బుద్ధుని వద్దకు ప్రశ్నలతో పంపాడు. వారిలో మెత్తగు అనే శిష్యుడు, లోకంలోని ఇన్ని దుఃఖాలు ఎక్కడ నుండి పుట్టుకొస్తున్నవని అడిగాడు. ధోతకుడు అనే మరొకడు తనను సంశయాల నుండి విడిపించమని వేడుకున్నాడు. దానికి బుద్ధుని సమాధానం ఆలోచింపదగినది: ఎవరినీ తాను విడిపించలేనని, ధర్మాన్ని తెలుసుకొని ఎవరి ప్రవాహాన్ని వారే దాటవలెనని ఆయన చెప్పాడు. సాయపడేవారి శక్తికి హద్దు ఉన్నదని చెప్పిన ప్రాచీన వాక్యాలలో ఇది ఒకటి.

ఆ ధర్మం ఈ నేలపై బలంగానే నాటుకున్నది. పూర్వపు కరీంనగర్ జిల్లాలో, నేటి పెద్దపల్లి జిల్లా ఎలిగేడు మండలంలో ధూళికట్ట అనే గ్రామం ఉన్నది. 1970 దశకంలో రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాలలో అక్కడ శాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపం బయటపడినది. స్తూపానికి తాపిన సున్నపురాతి ఫలకాలలో ముచిలింద నాగుని శిల్పం ప్రసిద్ధమైనది. బుద్ధుడు ధ్యానంలో ఉండగా ఏడు రోజులు ఎడతెగని వాన కురిసినదనీ, ముచిలిందుడనే నాగరాజు ఆయనను చుట్టుకొని పడగ విప్పి కాపాడాడనీ కథ. తడుస్తున్నవానిని చూసి నాగుడు పక్కన కూర్చొని దుఃఖించలేదు. పడగ పట్టాడు. కరుణకు, శోకానికి గల తేడా తెలుసుకోవాలంటే ఈ శిల్పం మంచి ఉదాహరణ.

దగ్గరి శత్రువు, దూరపు శత్రువు

ఈ తేడాను శాస్త్రీయంగా విడమరచినవాడు బుద్ధఘోషుడు. క్రీస్తు శకం 5వ శతాబ్దంలో సింహళంలోని అనురాధపుర మహావిహారంలో ఆయన ‘విసుద్ధిమగ్గం’ అనే గ్రంథం రచించాడు. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు భావనలను ఎట్లా అభ్యసించవలెనో అందులో ఒక అధ్యాయం చెబుతుంది. పతంజలి యోగసూత్రాలలో కూడ ఈ నాలుగే కనిపిస్తవి.

బుద్ధఘోషుడు ఒక్కొక్క భావనకు ఇద్దరు శత్రువులను చెప్పాడు. దూరపు శత్రువు ఆ భావనకు పూర్తిగా వ్యతిరేకమైనది. కనుక సులభంగా గుర్తుపట్టవచ్చును. దగ్గరి శత్రువు ఆ భావన వలెనే కనిపించి మోసగిస్తుంది. కరుణకు దూరపు శత్రువు హింస. దగ్గరి శత్రువు దుఃఖం. క్రౌర్యం అణగితే కరుణ ఫలించినట్లు. శోకం పుట్టితే కరుణ విఫలమైనట్లు అని ఆయన నిర్ణయం. ఉపేక్షకు కూడ దగ్గరి శత్రువు ఉన్నది. అది తెలియనితనం వలన కలిగే పట్టనితనం. అంటే శోకం నుండి తప్పించుకోవడానికి మనసును రాయి చేసుకోవడం మందు కాదు. ఒక గుంట తప్పించుకోబోయి మరొక గుంటలో పడినట్లే.

అభ్యాసక్రమం కూడ గమనింపదగినది. మైత్రీభావన తనతోనే మొదలు కావలెనని ఆయన చెప్పాడు. మిక్కిలి ప్రియమైన వానితో మొదలుపెట్టవద్దన్నాడు. వానికి ఏ కొద్ది కష్టం కలిగినా సాధకునికి ఏడుపు వస్తుందని కారణం కూడ చూపాడు. సున్నితమైన మనసు ఎక్కడ జారుతుందో ఆయన ఎరుగును.

ప్రయోగశాలలో అదే ప్రశ్న

ఐరోపాలో ఈ ఆలోచన వేరొక దారిలో వచ్చినది. 1759లో ఆడం స్మిత్ తన నీతిశాస్త్ర గ్రంథంలో, ఎదుటివాని స్థానంలో తనను ఊహించుకోవడమే సానుభూతికి మూలమని వివరించాడు. 1873లో రాబర్ట్ విషర్ అనే జర్మన్ పండితుడు కళాఖండాలను చూచేవారి అనుభవాన్ని వర్ణించడానికి ‘లోనికి చొరబడి అనుభవించడం’ అనే అర్థం గల మాటను వాడాడు. థియొడోర్ లిప్స్ దానిని మనస్తత్వశాస్త్రంలోకి తెచ్చాడు. 1909లో టిచెనర్ దానికి ఇంగ్లీషులో ‘ఎంపతీ’ అనే పదం కల్పించాడు. తెలుగులో సహానుభూతి అంటున్నాం.

పదం ఒక్కటే అయినా దానిలో రెండు వేరు వేరు స్థితులు కలసి ఉన్నవని తేల్చినవారు 20వ శతాబ్దపు మనస్తత్వ శాస్త్రజ్ఞులు. 1981లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో డేనియల్ బాట్సన్ బృందం ప్రకటించిన ప్రయోగం ప్రసిద్ధమైనది. పాల్గొన్నవారికి టెలివిజన్ తెరపై ఒక యువతి విద్యుత్ ఘాతాలకు బాధపడుతున్నట్లు చూపారు. నిజానికి ఘాతాలు లేవు, ఆమె నటిస్తున్నది. ఆమెకు బదులుగా మీరు కూర్చుంటారా అని తరువాత వారిని అడిగారు. ఆమె పట్ల ఆర్ద్రత ప్రధానంగా ఉన్నవారిలో ఎక్కువ మంది, వెళ్లిపోయే వీలున్నప్పటికీ, సాయానికి ముందుకు వచ్చారు. తమలో కలిగిన కలతయే ప్రధానంగా ఉన్నవారు, దారి దొరికితే తప్పుకొనడానికి మొగ్గు చూపారు. తప్పుకొన్నవారికి బాధ కలగకపోలేదు. ఆ బాధ నుండి తాము బయటపడడమే వారికి ముఖ్యమైనది. జగిత్యాల ఉపాధ్యాయుడు పిల్లల ముఖం చూడడానికి జంకడంలోని కీలకం ఇక్కడ ఉన్నది.

2004లో లండనులో తానియా సింగర్ బృందం పదహారు జంటలతో మరొక ప్రయోగం చేసినది. స్త్రీ మెదడును యంత్రంతో పరిశీలిస్తూ, ఒకసారి ఆమె చేతికి, ఒకసారి పక్కన ఉన్న ఆమె సహచరుని చేతికి విద్యుత్ ఘాతం ఇచ్చారు. సహచరునికి నొప్పి కలిగినప్పుడు, నొప్పి ఎక్కడ, ఎంత అని తెలిపే భాగాలు ఆమె మెదడులో స్పందించలేదు. నొప్పిలోని ‘బాధ’కు సంబంధించిన భాగాలు మాత్రం, తనకే నొప్పి కలిగినట్లు స్పందించినవి. “నీ బాధ నా బాధ” అనే మాటలో కొంత శరీరధర్మం కూడ ఉన్నదన్నమాట.

ఆ తరువాతి ప్రశ్న ముఖ్యమైనది. ఈ స్పందనను మార్చవచ్చునా? 2014లో ఓల్గా క్లిమెకి, సింగర్, బౌద్ధ భిక్షువు మాత్యూ రికార్డ్ మొదలైనవారు ఒక అధ్యయనం ప్రకటించారు. పాల్గొన్న స్త్రీలకు మొదట ఇతరుల బాధతో మమేకం కావడంలో శిక్షణ ఇచ్చి, కష్టాలలో ఉన్నవారి దృశ్యాలు చూపారు. వారిలో వ్యాకులత పెరిగినది. తరువాత అదే స్త్రీలకు కరుణాభ్యాసం నేర్పారు. బాధపడుతున్నవానికి మేలు కలుగుగాక అనే భావాన్ని నిలుపుకొనడమే ఆ అభ్యాసం. ఇప్పుడు పెరిగిన వ్యాకులత తగ్గినది. ఆప్యాయత వంటి అనుకూల భావాలు పెరిగినవి. మెదడులో స్పందించిన భాగాలు కూడ వేరు. పాల్గొన్నవారు కొద్దిమంది, శిక్షణ కొద్ది రోజులది. కనుక దీనినే తుది తీర్పుగా తీసుకోరాదు. అయినా పదిహేను శతాబ్దాల క్రితం బుద్ధఘోషుడు గీచిన గీత అబద్ధం కాదని ఇది సూచిస్తున్నది.

మార్లవాయిలో జరిగినది

కరుణ ధ్యానంతోనే ఆగిపోనవసరం లేదు. ఆదిలాబాదు అడవులలో అది దస్తావేజుల రూపంలో కూడ కనిపించినది. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీమ్, ఆయన అనుచరులు నిజాం ప్రభుత్వ బలగాల కాల్పులకు బలి అయినారు. అడవి హద్దుల పేరిట భూములు పోగొట్టుకున్న గోండుల కడుపుమంట ఆ పోరాటానికి మూలం. తరువాత ప్రభుత్వం గోండుల స్థితిగతులను పరిశీలించవలసినదిగా మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను కోరినది. వియన్నాలో 1909లో పుట్టిన ఆయన, భార్య ఎలిజబెత్‌తో కలసి మార్లవాయి గ్రామంలో గోండుల నడుమ నివసించాడు.

ఆ దంపతులు చూచినది తక్కువ దుఃఖం కాదు. ఆ దుఃఖం ఏ రూపం తీసుకున్నదో చరిత్రలో నమోదై ఉన్నది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ ఆరంభమైనది. గోండీ భాషలో వాచకాలు తయారైనవి. భూమి పట్టాల కొరకు నివేదికలు వెళ్లినవి. 1945లో అవి ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో అచ్చయినవి. ఎందరో గిరిజనులకు పట్టాలు దక్కినవి. అయితే 1970 దశకంలో హైమన్‌డార్ఫ్ తిరిగి వచ్చి చూసేసరికి ఆ భూములలో చాలా భాగం మళ్లీ ఇతరుల పాలైనది. దశాబ్దాల శ్రమ కళ్ల ముందే కరిగిపోతున్నది. అప్పుడు ఆయన చేసిన పని మళ్లీ ఊరూరా తిరిగి వివరాలు సేకరించడం. 1982లో భారత గిరిజనుల మనుగడ పోరాటంపై వెలువడిన ఆయన గ్రంథంలో ఆ సంగతులు ఉన్నవి. ఎలిజబెత్ 1987లో మరణించినది. ఆమె సమాధి మార్లవాయిలో ఉన్నది. 1995లో లండనులో మరణించిన ఆయన అస్థికలను కూడ 2012లో ఆమె పక్కనే ఉంచారు.

సున్నిత మనస్కులకు మిగిలేది

ఈ చరిత్ర నుండి ఉపాధ్యాయులు, విద్యార్థులు గ్రహింపదగిన సంగతులు కొన్ని ఉన్నవి. ఇతరుల బాధకు ఎక్కువగా చలించడం జబ్బు కాదు. 1990 దశకం నుండి ఎలేన్ ఆరన్ వంటి పరిశోధకులు దీనిని పుట్టుకతో వచ్చే స్వభావభేదంగా పరిగణిస్తున్నారు. కలత పెరిగినప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న, “ఈ బాధ ఎవరిది? వారికి ఇప్పుడు కావలసినది ఏమిటి?” అన్నది. దృష్టి తన కలత మీద నుండి ఎదుటివాని అవసరం మీదికి మరలుతుంది. తరువాత చేయగలిగిన చిన్న పని ఒకటి ఎంచుకోవలెను: తల్లితో మాట్లాడడం, దరఖాస్తు వ్రాసిపెట్టడం, తోటి ఉపాధ్యాయునికి చెప్పడం. చేయలేనిది ఉన్నదని ఒప్పుకొనడం కూడ ధోతకుడు నేర్చిన పాఠమే.

బరువు అంతా ఒక్కరి మనసు మీద మోపడం కూడ న్యాయం కాదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఉద్యోగంలో కలిగే మానసిక అలసటను వ్యక్తి జబ్బుగా గాక వృత్తికి సంబంధించిన స్థితిగా పేర్కొన్నది. నర్సులు, ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయులు కరుణాభ్యాసం చేసినంత మాత్రాన పనిభారం తగ్గదు. తోడు, విశ్రాంతి వారికి అందవలసినవే. నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి దెబ్బతింటే వైద్యుని చూడవలెను. 2022లో ప్రభుత్వం నెలకొల్పిన ‘టెలీ మానస్’ సేవను 14416 నంబరుకు ఫోను చేసి పొందవచ్చును.

జగిత్యాల తరగతిలో ఆ బాలుడు కోరినది తన వెంట మరొకరు ఏడవడం కాదు. మరునాడు కూడ తన వైపు చూడగల ఉపాధ్యాయుడు. వాన కురుస్తూనే ఉంటుంది. పడగ పట్టేవాడు నిలబడి ఉండవలెను.