జాడీ చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు వేసవి సెలవులకి మామ్మగారింటికి వెళ్ళేవాళ్ళం. ఓ ఏడాది మేం వెళ్ళిన వారానికే కొత్తావకాయ జాడీ ఒకటి భళ్ళున పగిలింది. మధ్యాహ్నం, పెద్దవాళ్ళంతా కునుకు తీస్తున్న వేళ. చప్పుడుకి లేచొచ్చిన మామ్మ, ఇంట్లో ఉన్న పిల్లలందరినీ వసారాలో వరసగా నిలబెట్టింది. మనవలం ఏడుగురం. వరస చివర్న పనిమనిషి కూతురు. తల్లికి సాయంగా అంట్లు తోమడానికి వచ్చేది.

"ఎవర్రా పగలగొట్టింది?"

ఏడుగురం ఏడు దిక్కులు చూశాం. ఆ పిల్లని అడిగితే, "నాకు తెల్దండమ్మగారూ" అంది, కాలి బొటనవేలితో నేలమీద రాస్తూ. తెలీకపోవడమేం? బాబాయి కొడుకు అటక మీది బెల్లం కోసం జాడీ మీద కాలెయ్యడం నేనూ చూశాను, ఆ పిల్లా చూసింది. నేను చెప్పకపోవడం చుట్టరికం. ఆ పిల్ల చెప్పకపోవడం భయం.

మామ్మ ఇంకేం అనలేదు. కాసేపయ్యాక గిన్నెల వంకతో ఆ పిల్లని నూతి దగ్గరికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చి తిన్నగా మా వాడి చెవి పట్టుకుంది. "ఎవరు చెప్పారు? ఎవరు చెప్పారు?" అని వాడు గింజుకున్నాడు. "జాడీయే చెప్పిందిరా" అంది మామ్మ.

ఈ మధ్య ఇంగ్లండులో ఫ్యాక్టరీ చట్టాలు ఎలా పుట్టాయో చదువుతుంటే మామ్మ గుర్తొచ్చింది. ఆవిడ ఒక్క పూటలో చేసిన పని, మహా మహా పార్లమెంట్లు చట్టంగా రాసుకోవడానికి వందేళ్ళు పైగా పట్టింది మరి!

1832లో లండన్‌లో మైకేల్ శాడ్లర్ అనే పార్లమెంటు సభ్యుడి అధ్యక్షతన ఓ కమిటీ కూర్చుంది. మిల్లుల్లో పనిచేసే పిల్లల అవస్థలు విచారించడం దాని పని. దాని ముందుకి ఎలిజబెత్ బెంట్లీ అనే ఇరవై మూడేళ్ళ అమ్మాయి వచ్చింది. లీడ్స్ పట్టణంలో అవిసె నార మిల్లులో ఆరేళ్ళప్పుడు చేరిందట. పని ఎక్కువున్న రోజుల్లో తెల్లవారుజామున అయిదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే పని. మధ్యలో తిండికి నలభై నిమిషాలు. చెయ్యి నెమ్మదిస్తే తోలుపట్టీ దెబ్బలు. ఆ చాకిరీకి ఆమె ఒళ్ళే వంకర తిరిగిపోయింది.

ఇలాంటివి విని దేశం ఉలిక్కిపడింది. మిల్లు యజమానులు మాత్రం, "ఈ సాక్షులచేత ప్రమాణం చేయించలేదు, మా వాదన వినలేదు, ఇదేం విచారణ?" అన్నారు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే సాక్ష్యం చెప్పి ఇంటికెళ్ళిన కార్మికుల్లో కొందరికి పనే పోయిందని శాడ్లరే మొరపెట్టుకున్నాడు. నిజం చెప్పినందుకు పొయ్యిలో పిల్లి లేవకుండా పోవడమన్నమాట.

మళ్ళీ ఇంకో విచారణ జరిగింది. దాని ఫలితంగా 1833లో ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. తొమ్మిదేళ్ళలోపు పిల్లల్ని పట్టు మిల్లుల్లో తప్ప జౌళి మిల్లుల్లో పెట్టుకోకూడదు. తొమ్మిది నిండి పదమూడు నిండనివాళ్ళకి రోజుకి తొమ్మిది గంటలకి మించి పని ఉండకూడదు. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకి రాత్రి పని కూడదు. ఇలాంటి ముక్కలు అంతకుముందు చట్టాల్లోనూ ఉన్నాయి. కాయితం మీదే ఉన్నాయి. ఈసారి కొత్తదేమిటంటే, ఆ కాయితాన్ని పట్టుకుని మిల్లులోకి వెళ్ళడానికి నలుగురు ఇన్‌స్పెక్టర్లని నియమించడం.

వాళ్ళ చేతికిచ్చిన అధికారం చిన్నది కాదు. మిల్లులోకి వెళ్ళొచ్చు. పిల్లల్నీ, పెద్దల్నీ ప్రశ్నించొచ్చు. అక్కడికక్కడే గానీ, మరోచోట గానీ, ఎవరినైనా సాక్ష్యం చెప్పమనొచ్చు. ప్రమాణం చేయించొచ్చు. మేజిస్ట్రేటులా కూర్చుని జరిమానా కూడా వెయ్యొచ్చు. యజమానులు గగ్గోలు పెట్టారు. నా మిల్లులో, నా కూలివాణ్ణి, నా మీదే సాక్ష్యం చెప్పమనడానికి నువ్వెవరివన్నది వాళ్ళ బాధ.

ఆ నలుగురిలో లియొనార్డ్ హార్నర్ అనే ఆయనుండేవాడు. భూగర్భశాస్త్రం తెలిసిన మనిషి. అంతకుముందు లండన్ విశ్వవిద్యాలయానికి మొదటి వార్డెన్‌గా చేశాడు. పాతికేళ్ళు మిల్లులు తిరిగి, ఆర్నెల్లకోసారి రిపోర్టులు రాసేవాడు. కార్ల్ మార్క్స్ అంతటివాడు ఆయన పనిని మెచ్చుకున్నాడంటే చూడండి.

పాపం, హార్నర్‌కి మొదటి ప్రశ్న దగ్గరే చిక్కొచ్చింది. "నీకెన్నేళ్ళు?"

అప్పటికి ఇంగ్లండులో పుట్టుకలకి సర్కారు రిజిస్టరు లేదు. 1837 జులైలో మొదలైంది. పిల్ల "పదమూడు" అంటుంది. తల్లీ "పదమూడే" అంటుంది. తొమ్మిది గంటలే పనిచేస్తే తగ్గే కూలి డబ్బులు ఆ ఇంటి రొట్టెముక్క మరి. డాక్టరు ఎగాదిగా చూసి చీటీ రాసిచ్చేవాడు. పిల్లల ఎత్తు కొలిచి వయసు కట్టమన్నవాళ్ళున్నారు. 1837లో ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడైతే, పళ్ళు చూసి వయసు చెప్పొచ్చని ఏకంగా ఓ చిన్న పుస్తకమే రాసి పార్లమెంటుకు సమర్పించాడు. మన సంతలో ఎద్దు పళ్ళు చూసి బేరమాడతారే, అలాగన్నమాట! నవ్వొస్తుంది గానీ, ఆలోచిస్తే గుండె చివుక్కుమంటుంది. నోరు నిజం చెప్పే వీల్లేనప్పుడే కదా, నోట్లో పళ్ళని సాక్ష్యానికి పిలవాల్సొచ్చింది!

1844లో మరో చట్టం వచ్చింది. ప్రమాదకరమైన యంత్రాలకి కంచె వెయ్యమంది, ఆడవాళ్ళ పనిగంటలకీ హద్దు పెట్టింది. ఆ చేత్తోనే, స్వయంగా శిక్షవేసే అధికారాన్ని ఇన్‌స్పెక్టర్ల దగ్గర్నుంచి తీసేసింది. అడిగేవాడూ, తీర్పు చెప్పేవాడూ ఒకడే కాకూడదన్నది మంచి సూత్రమే. కానీ ఊళ్ళో ఆ తీర్పు చెప్పే బల్లమీద మిల్లు యజమానులో, వాళ్ళ బంధువులో కూర్చుంటే? అదీ జరిగింది.

అడిగే అధికారం ఉన్నా, యజమాని పక్కనే నిలబడి మీసం దువ్వుతుంటే ఏ కూలి మనిషి నోరు విప్పుతుంది? ఈ సంగతి చట్టంలోకి ఎక్కడం 1878 నాటి చట్టంలో కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టరు తనకు తోచినట్టు, మనిషిని ఒంటరిగా గానీ ఇతరుల ఎదుట గానీ ప్రశ్నించవచ్చునని రాశారు. ఆ "ఒంటరిగా" అన్న మాటే మా మామ్మ నుయ్యి. 1893లో మే ఏబ్రహామ్, మేరీ పేటర్సన్ అనే ఇద్దరు స్త్రీలు ఇన్‌స్పెక్టర్లయ్యాక, మగ అధికారికి చెప్పలేని మాటలు చెప్పుకోడానికి ఆడకూలీలకి ఓ తోవ దొరికింది.

ఆ గాలి మన దేశానికీ వీచింది. 1881లో వచ్చిన మన మొదటి ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్ళలోపు పిల్లల్ని మాత్రమే వద్దంది. అదీ వందమందికి తగ్గకుండా పనిచేసే చోట్లే! స్వతంత్రం వచ్చాక, 1948 ఫ్యాక్టరీల చట్టం తొమ్మిదో సెక్షన్‌లో ఇన్‌స్పెక్టరు అధికారాలు రాసినప్పుడు, "అక్కడికక్కడే గానీ, మరోలా గానీ" సాక్ష్యం తీసుకోవచ్చన్నారు. నూటపదిహేనేళ్ళనాటి మాట సముద్రాలు దాటొచ్చి మన పుస్తకంలో కూర్చుంది. దాని పక్కనే ఓ గట్టు కూడా వేశారు. తనని తాను నేరంలో ఇరికించుకునే జవాబు చెప్పమని ఎవర్నీ బలవంతపెట్టకూడదట. అధికారం ఏరులాంటిది. గట్టు లేకపోతే చేలు మునుగుతాయి.

ఇక మామ్మ చేసిన మూడో పని. 1947లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ తనిఖీల గురించి ఓ ఒడంబడిక చేసింది. ఫిర్యాదు ఎవరిచ్చారో ఇన్‌స్పెక్టరు పరమ రహస్యంగా ఉంచాలి. ఫిర్యాదు మీద వచ్చానన్న సంగతి కూడా యజమానికి పొక్కనివ్వకూడదు. 1949లో మన దేశం దానికి ఒప్పుకుంది. అంటే ఏమిటన్నమాట? "జాడీయే చెప్పిందిరా" అనమన్నారు!

నిజం చెప్పించడానికి అధికారం కావాలి, ఒప్పుకుంటాను. కానీ చెప్పినవాళ్ళు మర్నాడు కూడా అన్నం తినాలి కదా. ఆ పూచీ ఇవ్వలేని అధికారం ఎంత గట్టిగా గద్దించినా, దానికొచ్చే జవాబు ఒక్కటే: "నాకు తెల్దండమ్మగారూ."

మామ్మని తలుచుకుని గర్వపడుతూ ఇదంతా రాసుకొచ్చాను. రాసింది చదువుకుంటుంటే హార్నర్ మొదటి ప్రశ్న దగ్గర కలం ఆగిపోయింది. ఆ రోజు వసారాలో మేం అంతమందిమి ఉన్నాం. జాడీ ఎవరు పగలగొట్టారని అందరం అడిగాం. నూతి దగ్గర, ఒంటరిగా, మామ్మా అదే అడిగింది.

చేతులనిండా అంట్లబూడిదతో నిలబడ్డ ఆ పిల్లని "నీకెన్నేళ్ళు?" అని మాత్రం ఎవరమూ అడగలేదు.